దేశాలకు బాల్యం, యవ్వనం, ముసలితనం ఉంటాయా?

వైట్‌ఫీల్డ్ వాసి:
ఆదివారం బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల మధ్య మొదలై తేలకుండా పోయిన వాదన ఇది. నా మటుకు దేశాలూ మనుషుల్లాంటివే. నైజర్ పసివాడు, అక్కడ దాదాపు సగం మంది పదిహేనేళ్ల లోపు వాళ్లే. మన దేశం మధ్యస్థ వయసు 28 అటూఇటూ, అంటే సగం మంది అంతకన్నా చిన్నవాళ్లే, కుర్రాడన్నమాట. జపాన్ యాభైకి దగ్గరపడింది. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే నాలుగు రాళ్లు వెనకేసుకోవాలి, ఇంటికైనా దేశానికైనా. కాదంటారా?

కె.ఆర్.పురం పీజీ:
అన్నా, మీరు చెప్పిన ఆ కుర్రాడు మా పీజీ హాస్టల్ గదిలోనే ఉన్నాడు. కడప నుంచి వచ్చాడు, బీటెక్ అయి రెండేళ్లయింది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వాకిన్ ఇంటర్వ్యూకి పోతాడు. రాగానే ఆ చొక్కా విప్పి, మడత పోకుండా హ్యాంగర్‌కి తగిలిస్తాడు, రేపటికి కూడా అదే. వయసుంటే సరిపోదన్నా, పని దొరకాలి.

జయనగర్ టీచరమ్మ:
తమ్ముడి మాట నిజం. నా అభ్యంతరం ఇంకొకటి. చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని, దేశాన్ని పసివాడు అన్న మాట వింటే నాకు భయం. ఈస్టిండియా కంపెనీలో 35 ఏళ్లు కొలువు చేసిన ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసి, ఇంకా మైనరు వయసు దాటని సమాజాలకు మాత్రం అది వర్తించదన్నాడు. 1859 నాటి మాట అది. 1919లో, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) ఒడంబడిక 22వ అధికరణంలోనూ అదే ధోరణి: సొంత కాళ్ల మీద నిలబడలేని జాతులను ‘ఎదిగిన’ దేశాలు సాకాలట. అలా ఇరాక్ బ్రిటన్ చేతికి పోయింది. అయిదువేల ఏళ్ల కిందటే మట్టి పలకల మీద లెక్కలు రాసుకున్న నేల అది! దాన్ని చంటిబిడ్డను చేశారు. పిల్లాడని పేరు పెడితే చాలు, పెత్తనానికి పెద్దమనుషులు తయారు.

అసలు ఏ వయసు లెక్కలోకి తీసుకుంటారు? అమెరికా కుర్ర దేశమంటారు, దాని రాజ్యాంగం 1789 నుంచి నడుస్తోంది. మనది 1950లో వచ్చింది. ఎవరు పెద్ద?

వైట్‌ఫీల్డ్ వాసి:
మేడమ్, ఇరాక్ సంగతి నేను ఆలోచించలేదు. ‘పసివాడు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ముసలితనం మాత్రం ఉత్త పోలిక కాదండీ. చిత్తూరు దగ్గర మా ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. రోజూ రాత్రి వీడియో కాల్‌లో మాత్రల షీటు కెమెరాకి ఆనించి, ఇదేనా ఇదేనా అని అడుగుతుంది. మా వీధిలో తలుపు తీసి ఉన్న ప్రతి ఇంట్లోనూ అలాంటి పెద్దావిడే.

జయనగర్ టీచరమ్మ:
అమ్మగారి సంగతి వింటే మనసు కలుక్కుమంది నాయనా. అయితే ఆ వీధి దానంతట అది ముసలిదవలేదు. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున ఆంధ్రలో 1.7 మంది పిల్లలు, బిహార్‌లో 3. ఒకే దేశం, ఏ వయసని చెబుతారు? ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని ఆంధ్ర 1994 చట్టంలో రాసుకున్నదీ మనమే, 2024లో కొట్టేసిందీ మనమే. మనిషి వయసైతే చట్టం రాసి ఆపలేం కదా.

కె.ఆర్.పురం పీజీ:
మేడమ్, మా వాడు రేపు మళ్లీ ఇంటర్వ్యూకి పోతున్నాడు, ఎలక్ట్రానిక్ సిటీకి.