హ్యామ్‌స్టర్ రాత్రంతా పంజరం కమ్మీలు కొరుకుతోంది, ఎలా మాన్పించాలి?

మాది కర్నూలు. మా సిరియన్ హ్యామ్‌స్టర్‌కు (ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువు) ఏడు నెలలు, పంజరంలో ఒక్కటే ఉంటుంది. రాత్రి 11 నుంచి 3 దాకా ఒకే మూలన కమ్మీలు కొరుకుతోంది. ముక్కు మీద బొచ్చు రాలి ఎర్రబడింది, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. తిండి, నీళ్లు మామూలే. పళ్లు బాగానే ఉన్నాయి.

పంజరం 60 × 40 సెం.మీ. పరిగెత్తేటప్పుడు నడుము వంగుతోందని 20 సెం.మీ. చక్రం తీసేసి 28 సెం.మీ.ది పెట్టాం. కింద ఆరంగుళాల మందాన కాగితం ముక్కలు, దూరడానికి అట్ట గొట్టాలు, పొర్లడానికి ఇసుక గిన్నె ఉన్నాయి. కొర్రలు, జొన్నలు గిన్నెలో పెట్టకుండా కాగితాల్లో చల్లుతున్నాం. వెతుక్కున్నంతసేపే నిమ్మళం, తర్వాత మళ్లీ కమ్మీల దగ్గరికే. ఎండకని నాపరాయి ముక్క కూడా పెట్టాం.

రాత్రి 9కి తలుపు సందులు మూసి, నేల మీదే కూర్చుని అరగంట ఆడిస్తాం. అది లోపల ఉండి దొర్లించుకుంటూ తిరిగే ప్లాస్టిక్ బంతిలో మాత్రం పెట్టను, సందుల్లో కాళ్లు ఇరుక్కుంటాయి. కానీ తిరిగి లోపల పెట్టగానే కొరకడం ఇంకా ఎక్కువవుతోంది.

ఇలా కొరికే హ్యామ్‌స్టర్‌ను పెంచినవాళ్లు చెప్పండి: కమ్మీల్లేని పెద్ద ప్లాస్టిక్ పెట్టెలోకి మారిస్తే మానిందా, బయట ఆడించే సమయం పెంచితే మానిందా?