బెంగళూరులో కమ్మరి పని నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మారతహళ్ళి_కుర్రోడు:
నాకు 28, టెస్టింగ్ ఉద్యోగం, మాది హిందూపురం పక్కన పల్లె. చిన్నప్పుడు సెలవుల్లో ఊళ్లో కొలిమి దగ్గర కూర్చుని తిత్తి ఊదేవాణ్ణి, అది మనసులోంచి పోలేదు. అద్దె ఇల్లు, మూడో అంతస్తు. మేడ మీద చిన్న కొలిమి పెట్టుకోవచ్చా? మొదట ఒక కత్తి చేద్దామనుకుంటున్నా. ఉద్యోగం మానేసి దీని మీద బతకొచ్చా? తిట్టకుండా చెప్పండి.

కొలిమింటి_మనవడు:
తిట్టనులే తమ్ముడూ, కానీ మేడ మాట మర్చిపో. పొగ సంగతి తర్వాత, సమ్మెట దెబ్బ నాలుగిళ్ల అవతలికి వినబడుతుంది, ఓనర్ ఆ సాయంత్రమే అడ్వాన్స్ లెక్క తేల్చేస్తాడు. మా తాత కమ్మరి, నేను పీణ్యలో లేత్ మీద చేస్తా. సిటీలో కొలిమికి వచ్చేవి ఎక్కువగా గడ్డపారలు, ఉలులు, కత్తి కాదు. మొద్దుబారిన గడ్డపారని ఎర్రగా కాల్చి, మొన సాగగొట్టి, ఆ మొన ఒక్కటే నీళ్లలో ముంచి తీస్తారు. పైన మిగిలిన వేడి మెల్లగా మొనకి దిగుతుంటే, రుద్ది తెల్లగా చేసిన చోట రంగు మారుతూ వస్తుంది, ఎండుగడ్డి రంగు దాటి ఊదా తిరిగే వేళకి మళ్లీ ముంచాలి. ఆలస్యమైతే మొన వంగుతుంది, తొందరపడితే రాయి తగలగానే పుటుక్కుమంటుంది. నేను ఎన్ని చెడగొట్టానో! తాత ఏమీ అనేవాడు కాదు, తీసి మళ్లీ కొలిమిలో పెట్టేవాడు. నువ్వు ఆదివారాలు ఏదైనా రోడ్డు పక్క కొలిమికెళ్లి సమ్మెట వేస్తానని అడుగు. మొదటి రోజు నవ్వుతారు, పర్లేదు.

గుజిరీ_గిరాకీ:
సెంటరింగ్ కమ్మీతో కత్తి చేయకు బాస్, అందులో కార్బన్ తక్కువ, పదును నిలవదు. శివాజీనగర్ గుజిరీలో, అదే పాత సామాన్ల బజార్లో, పాత లారీ కమాన్ పట్టా (చక్రాల పైనుండే స్ప్రింగు పట్టీ) అడుగు. దాన్ని నూనెలో చల్లార్చాలి, నీళ్లలో ముంచితే చీలిపోవచ్చు. వేడి చూడ్డానికి అయస్కాంతం చాలు, 770 డిగ్రీల దగ్గర అంటుకోవడం మానేస్తుంది, అక్కణ్ణుంచి ఇంకాస్త పైకి పోనిచ్చి ముంచెయ్. ఇంకోటి, జీఐ పైపు ముక్క, అంటే జింకు పూత వేసింది, కొలిమిలో పెట్టొద్దు. జింకు పొగ పీల్చి నేను రాత్రంతా చలిజ్వరంతో వణికా, మా ఆవిడ డెంగీ అనుకుని ఒకటే టెన్షన్.

గ్రిల్లు_అన్న:
బతుకుతెరువు అడిగావు కదా. డబ్బు గేట్లు, గ్రిల్లుల్లో ఉంది, అంటే వెల్డింగ్ కూడా రావాలి. ఉద్యోగం ఇప్పుడే మానకు. ఎవరో ఒకరు పీఎం విశ్వకర్మ అంటారు చూడు, 2023లో వచ్చిన ఆ పథకంలో కమ్మరం ఉంది, శిక్షణలో రోజుకి 500, పనిముట్లకి 15,000 దాకా ఇస్తారు, కానీ అది ఇప్పటికే ఆ పని మీద బతికేవాళ్లకి, నీలాంటివాడికి కాదు.

మారతహళ్ళి_కుర్రోడు:
అన్నలందరికీ థాంక్స్. హొసకోటె దారిలో ఒక కొలిమి ఉంటే నిన్న ఆగా. నా వచ్చీరాని కన్నడలో అడిగితే ఆయన తెలుగులోనే జవాబిచ్చాడు, "చెప్పులేసుకుని రాకు, బూట్లతో రా" అని. ఆదివారం వెళ్తున్నా.