లాన్ మోవర్ నెలల తరబడి పక్కన పెట్టేముందు పెట్రోల్ తీసేయాలా, నింపి ఉంచాలా?

నట్టుబోల్టు:
తీసేయాలి. పెట్రోల్‌లో తేలికగా ఆవిరయ్యేది పోయాక జిగురు మిగులుతుంది. అది ముందుగా మూసేది కార్బురేటర్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ అందించే పైలట్ జెట్‌నే, దాని రంధ్రం అంత సన్నం. అప్పుడు చోక్ వేస్తేనే ఇంజన్ నడుస్తుంది, తీస్తే ఆర్‌పీఎం పైకీ కిందకీ ఊగుతుంది.

ఫుల్‌ట్యాంక్:
ఇనుప ట్యాంకు ఖాళీగా ఉంటే తేమకి లోపల తుప్పు పడుతుందండీ. ఆ రజను వచ్చి కూర్చునేది మీ జెట్‌లోనే. తాజా పెట్రోల్ నిండా పోసి, సీసా మీద రాసిన కొలత ప్రకారం స్టెబిలైజర్ (పెట్రోల్ పాడవకుండా ఉంచే మందు) కలిపి, 10 నిమిషాలు ఇంజన్ నడపండి. నడపకపోతే మందు ట్యాంకులోనే ఉండిపోతుంది, కార్బురేటర్‌లో ఉండేది పాత పెట్రోలే. మందు పనిచేయలేదనేవాళ్లలో చాలామంది ఇదే వదిలేస్తారు.

నట్టుబోల్టు:
మరి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ మాటేంటి? అది తేమని పీల్చుకుంటుంది, హద్దు దాటితే నీళ్లతో కలిసి అడుగుకి దిగిపోతుంది. అలా విడిపోయిన పెట్రోల్‌ని ఏ స్టెబిలైజరూ బాగుచేయలేదు. ప్లాస్టిక్ ట్యాంకయితే తుప్పు భయమే లేదు.

టూస్ట్రోక్:
ఇద్దరూ ఫ్లోట్ కార్బురేటర్ (అడుగున చిన్న గిన్నెలో పెట్రోల్ నిలవ ఉండేది) గురించే మాట్లాడుతున్నారు. బ్రష్ కట్టర్‌లో ఉండేది డయాఫ్రం, అంటే పలుచని పొర. ఆయిల్ కలిపిన పెట్రోల్ ఎండిపోతే మిగిలే జిగురుకి అది అతుక్కుపోతుంది. ట్యాంకు వంచేసి, ఆగిపోయేదాకా నడపడమే మేలు. మళ్లీ వాడేటప్పుడు మిశ్రమం కొత్తగా కలుపుకోండి: 50:1 అయితే లీటరుకి 20 మి.లీ. ఆయిల్, 25:1 అయితే 40.

ఫుల్‌ట్యాంక్:
బ్రష్ కట్టర్ వరకు ఒప్పుకుంటా. మోవర్‌కి మాత్రం ఆగిపోయేదాకా నడిపితే సరిపోదు. మట్టం జెట్‌కి అందకపోతే ఇంజన్ ఆగుతుంది కానీ ఫ్లోట్ చాంబర్ అడుగున కాస్త మిగిలే ఉంటుంది. సగం ఖాళీ కన్నా నిండుగా ఉండటమే నయం.

నట్టుబోల్టు:
ఆ మిగిలింది తీయడానికే కదా కింద డ్రెయిన్ స్క్రూ ఉన్నది! ఇంజన్ చల్లారాక, ఆరుబయట, పెట్రోల్ కాక్ కట్టేసి విప్పండి. స్క్రూ లేని మోడల్ అయితే ఫ్లోట్ చాంబర్ బోల్టే విప్పాలి, కింద వాషర్ జాగ్రత్త. పనిలో పనిగా ప్లగ్ తీసి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగండి. సిలిండర్‌కి తుప్పు పట్టదు.

గడ్డిపరక:
మా మోవర్ జెట్ ఇప్పటికే మూసుకుపోయింది. సన్నని ఇనుప తీగతో పొడవచ్చా?

టూస్ట్రోక్:
వద్దండీ. జెట్ ఇత్తడిది, తీగతో గీస్తే రంధ్రం పెద్దదై పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, గాలితో ఊదండి. వెలుతురుకి పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనిపించాలి.