కణం ఎంత గట్టిగా అతుక్కుంటే అంత వేగంగా కదులుతుందా?

నల్లగొండ విద్యార్థి:
షుగర్ వల్ల మా నాయన పాదానికి పుండు పడి నాలుగు నెలలైంది. కట్టు మార్చిన ప్రతిసారీ గాజుగుడ్డ పుండుకు అతుక్కుపోయి, అంచున అప్పుడే లేచిన పలుచని గులాబీ రంగు చర్మం దానితోపాటే ఊడి వస్తోంది. చూడలేకపోతున్నాను. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కూడా గాయాల మీద వేసే హైడ్రోజెల్ (నీరు పట్టి ఉంచే మెత్తని జెల్) గురించే. అందులో ఆర్జీడీ పెప్టైడ్ (కణాలకు పట్టు ఇచ్చే చిన్న ప్రోటీన్ ముక్క) ఎంత ఎక్కువ కలిపితే కణాలు అంత గట్టిగా పట్టుకుని, అంత త్వరగా పుండులోకి పాకుతాయని మా సీనియర్ అంటున్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. మీరేమంటారు?

పాలమూరు డెంటిస్ట్:
మీ సీనియర్ మాటే నిజం తమ్మీ. పట్టు దొరక్కపోతే కణం కదలనే కదలదు. పెప్టైడ్ ఏమీ కలపని పీఈజీ (పాలిఇథిలీన్ గ్లైకాల్) జెల్ మీద ఫైబ్రోబ్లాస్టులు, అంటే చర్మం కింది పొరను కట్టే కణాలు, వేసి చూడు, గుండ్రంగా అలాగే ఉండిపోతాయి. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్ పెట్టినప్పటి నుంచి మా పని అంతా ఎముక ఆ లోహాన్ని పట్టుకోవడం మీదే నడుస్తోంది.

మిర్యాలగూడ లెక్చరర్:
డాక్టర్ గారూ, ఇంప్లాంట్ దగ్గర కణం వచ్చి స్థిరపడాలి. పుండులో నడవాలి. రెండూ ఒకటెలా అవుతాయి? నాటుకు కరిగెట చేసిన మడిలో దిగినవాళ్లకు తెలుసు, ముందుకు అడుగేయడం కాదు, వెనక కాలు పీక్కోవడమే కష్టం. కణం ముందు భాగాన్ని చాపి ఇంటెగ్రిన్లు అనే తన పైపొర ప్రోటీన్లతో పట్టుకుంటుంది, లోపల ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్లు లాగుతాయి, ఆపైన వెనక పట్టు వదలాలి. పట్టు మరీ గట్టిదైతే అక్కడే ఇరుక్కుపోతుంది. మరీ వదులైతే లాగడానికి ఆసరా ఉండదు. 1997లో నేచర్ పత్రికలో పాలెచెక్ బృందం చూపింది ఇదే: కణాలు పట్టుకునే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ మోతాదు మారుస్తూ సీహెచ్‌ఓ (చైనీస్ హ్యామ్‌స్టర్ అండాశయ) కణాల వేగం కొలిస్తే, మధ్యస్థమైన పట్టు దగ్గరే వేగం ఎక్కువ. పైగా ఇంటెగ్రిన్లు ఎక్కువున్న కణాలకు తక్కువ ఫైబ్రోనెక్టిన్ దగ్గరే ఆ వేగం వచ్చింది. అందుకే అన్ని కణాలకూ ఒకటే మోతాదు చెప్పలేం.

పాలమూరు డెంటిస్ట్:
అది చదునైన ప్లేటు మీద చేసిన ప్రయోగం కదా సార్. పుండు లోపల కణం చుట్టూరా జెల్ ఉంటుంది. ఇంటెగ్రిన్లన్నీ తీసేసినా డెండ్రిటిక్ కణాలు కణజాలంలో కదిలాయని 2008లో తేలింది. జెల్ రంధ్రాలు, గట్టిదనం వదిలేసి పెప్టైడ్ ఒక్కదాన్నే చూస్తే ఎలా?

మిర్యాలగూడ లెక్చరర్:
అవి రోగనిరోధక కణాలు సార్, సందుల్లోంచి దూరిపోతాయి. కొత్త చర్మం పరిచే కెరాటినోసైట్లు పుండు అడుగును పట్టుకునే పాకాలి. గట్టిదనం మాట మాత్రం నిజం. ఫైబ్రోబ్లాస్టులు మెత్తని చోటు నుంచి గట్టి చోటుకు పోతాయని 2000లోనే చూపారు. తమ్మీ, పెప్టైడ్ మోతాదు మార్చినప్పుడు జెల్ గట్టిదనం మారకుండా చూసుకో. లేకపోతే వేగం దేనివల్ల వచ్చిందో నీకే తెలియదు.

నల్లగొండ విద్యార్థి:
సరే సార్. గట్టిదనం ఒకటే ఉంచి, తక్కువ, మధ్య, ఎక్కువ మోతాదులతో మూడు జెల్‌లు చేస్తాను. నాయనకు ఇప్పుడు నర్సమ్మ పారఫిన్ పూసిన గాజుగుడ్డ వేస్తోంది. నిన్న కట్టు విప్పితే అంచు చర్మం ఊడలేదు.