తొమ్మిదేళ్ల ఆడ కుక్కకు ఇప్పుడు గర్భసంచి తీయించవచ్చా?

ప్రశ్న – విజయవాడ నుంచి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఇండియన్ స్పిట్జ్ జాతి ఆడ కుక్క ఉంది. పేరు చిన్ని, వయసు 9 ఏళ్లు, బరువు 11 కిలోలు. ఇంతవరకు పిల్లలు పెట్టలేదు, కానీ ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తూనే ఉంది. చివరిసారి ఎద ముగిసి నెల కావస్తోంది. మొన్న రేబిస్ టీకాకు తీసుకెళ్లినప్పుడు డాక్టరు గారు పొట్ట తడిమి చూసి, ఇంకా ఆలస్యం చేయకుండా గర్భసంచి తీయించడం మంచిదన్నారు. మా అత్తగారేమో, తిని తిరుగుతున్న ప్రాణిని ఈ వయసులో కత్తి కింద పడుకోబెట్టడం దేనికని గట్టిగా అడ్డు చెబుతున్నారు. ఆవిడ మాటను తీసిపారేయలేకపోతున్నాను, ఎందుకంటే మెట్లెక్కి వచ్చినప్పుడూ, ఒక్కోసారి రాత్రిళ్లూ చిన్ని పొడిగా దగ్గుతుంది. మత్తు తట్టుకోగలదా అన్నదే నా అసలు భయం. ఈ ఈడు కుక్కకు ఆపరేషన్ చేయించినవారు, వద్దనుకున్నవారు ఏమి చూసుకుని నిర్ణయించుకున్నారో దయచేసి చెప్పండి.

జవాబు – హైదరాబాద్ నుంచి

అండీ, మాది ఎనిమిదేళ్ల లాబ్రడార్. ఎద ముగిసిన నెలన్నరకు గిన్నెడు నీళ్లు ఒక్క బిగిన తాగేసి, అంతటితో చాలక బాత్రూములోని బకెట్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. మే నెల ఎండలు కావడంతో అది ఎవరికీ వింతగా తోచలేదు. ఆ తరువాత అన్నం మానేసింది, వాంతులు పట్టుకున్నాయి. బయటికి చుక్క స్రావం కూడా రాలేదు గానీ, స్కానింగ్‌లో గర్భసంచి నిండా చీము కనిపించింది. గర్భాశయ ద్వారం మూసుకుపోయి ఉండటం వల్ల చీమంతా లోపలే నిలిచిపోయిందని, ఈ రకమే ఎక్కువ ప్రమాదమని చెప్పి అదే రాత్రి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ మామూలు స్థాయికి దిగేదాకా సెలైన్ ఎక్కిస్తూనే ఉన్నారు. ఈ వయసులో మత్తు ఎందుకని మీ అత్తగారు అడుగుతున్నారు; మా కుక్కకు అదే వయసులో, ఒంట్లో విషం పాకిన స్థితిలో, మత్తు ఇవ్వక తప్పలేదని ఆవిడకు చెప్పండి.

జవాబు – పశువైద్యురాలు, గుంటూరు

పై సభ్యులు చెప్పిన జబ్బు పేరు పయోమెట్రా. ఎద ముగిశాక, చూలు నిలిచినా నిలవకపోయినా, కుక్క ఒంట్లో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ దాదాపు రెండు నెలలపాటు ఎక్కువగానే ఉంటుంది. దాని ప్రభావంతో గర్భసంచి లోపలి పొర మందమై ద్రవం స్రవిస్తుంది, సంచి ముడుచుకునే శక్తి తగ్గుతుంది. ఎద సమయంలో లోపలికి చేరిన ఈ.కోలై వంటి బ్యాక్టీరియాకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు. ప్రతి ఎదకూ ఇదే జరుగుతూ పొర మార్పులు పేరుకుపోతాయి కనుక వయసు మీరిన కుక్కల్లోనే ఈ జబ్బు ఎక్కువగా చూస్తాం. స్వీడన్‌లో ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువ, బీమా చేయించే అలవాటు ఎక్కువ. అక్కడి బీమా లెక్కల్లో పదేళ్లు నిండేలోగా సుమారు నాలుగో వంతు ఆడ కుక్కలకు పయోమెట్రా వచ్చినట్టు తేలింది. అందుచేత మీరు తూచవలసినది ఆపరేషన్ ప్రమాదాన్ని ఒక్కదాన్నే కాదు, చేయించకుండా గడిపే ప్రతి ఎదలోనూ ఉండే ప్రమాదాన్ని కూడా. రొమ్ము గడ్డలు రాకుండా ఉంటాయన్న ఆశతో మాత్రం ఇప్పుడు చేయించకండి; ఆ లాభం మొదటి ఒకటి రెండు ఎదలలోపు చేయించినవాటికే స్పష్టంగా దక్కుతుంది.

ఇక దగ్గు సంగతి. చిన్న జాతుల్లో ఈ వయసుకు గుండె ఎడమవైపు కవాటం సడలడం మామూలే, శ్వాసనాళం మెత్తబడినా ఇలాంటి దగ్గే వస్తుంది. స్టెతస్కోపులో మర్మర్ (గుండె చప్పుడుతో పాటు వచ్చే అదనపు శబ్దం) వినిపిస్తే ఛాతీ ఎక్స్‌రే, ఎకో (గుండె స్కానింగ్) తీయించకుండా తేదీ ఖరారు చేసుకోవద్దు. మర్మర్ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ కుదరదని కాదు. గుండె పెరిగిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, షుగర్ ఎటూ చేస్తారు. మన ప్రాంతంలో అంతకంటే ముఖ్యంగా అడిగి చేయించుకోవలసినది ప్లేట్‌లెట్ల, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాల, లెక్క. పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియా జ్వరం పైకి ఏమీ కనిపించకుండా నెలల తరబడి ఒంట్లో ఉండిపోగలదు, అలాంటి కుక్కకు కోత పెడితే రక్తం ఆగడం కష్టమవుతుంది. క్లినిక్‌లో గొంతులోకి గొట్టం వేసి గ్యాస్ మత్తు ఇస్తారా, ఆక్సిజన్, రక్తపోటు చూస్తూ ఉండేందుకు వేరే మనిషి ఉంటారా అని మొహమాటం లేకుండా అడగండి. ఆ వసతి మీ దగ్గరలో లేకపోతే గన్నవరం పశువైద్య కళాశాల మీకు ఎంతో దూరం కాదు. అన్నీ బాగున్నా, ఎద ముగిసి నెలే అయింది కనుక మరో రెండు నెలలు ఆగడం మేలు. ఇప్పుడు రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, హార్మోన్ ఒక్కసారిగా పడిపోతే ఉత్తుత్తి చూలు లక్షణాలూ రావచ్చు. ఈలోగా నలత చేస్తే మాత్రం వెంటనే స్కానింగ్ తీయించండి.

జవాబు – రాజమండ్రి నుంచి

మేము వద్దనుకున్నవాళ్లం. మా పామెరేనియన్‌కు 13 ఏళ్లు, గుండె పెరిగి పిమోబెండాన్ మాత్రల మీద ఉంది. గుండె చూసే డాక్టరు గారు ఎకో చూసి, అత్యవసరమైతే తప్ప మత్తు జోలికి వెళ్లవద్దన్నారు. కాబట్టి ఎద వచ్చిన తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, అది ముగిశాక రెండు నెలలు నీళ్లు కొలిచి పోస్తాం. రోజుకు కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటితే అతిదాహంగా లెక్కిస్తారట. మీ చిన్నికైతే అది లీటరు పైమాట. దాని మామూలు అలవాటు కంటే పెరిగినా అనుమానించాల్సిందే. రోజూ ఈ కాపలా కాయగలిగిన మనిషి ఇంట్లో ఉంటేనే మా పద్ధతి పనికొస్తుంది. మీ చిన్ని గుండె బాగుందని తేలితే మేమైనా ఆపరేషన్‌కే మొగ్గేవాళ్లం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షలు చేయించాము. మర్మర్ స్వల్పంగా ఉంది, ఎక్స్‌రే, ఎకోలలో గుండె పరిమాణం మామూలుగానే ఉందన్నారు. ప్లేట్‌లెట్లు మాత్రం 90 వేలే ఉన్నాయి, ఎర్లిషియా పరీక్ష పాజిటివ్ వచ్చింది. చెవి మడతలో రెండు పిడుదులు కూడా దొరికాయి. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడమన్నారు. మా అత్తగారు ఆపరేషన్‌కు ఇంకా ఒప్పుకోలేదు గానీ, మాత్రలు మాత్రం ఆవిడే వేస్తున్నారు.

జవాబు – పశువైద్యురాలు, గుంటూరు

ఆ మాత్రను ఖాళీ కడుపున వేయవద్దని అత్తగారితో చెప్పండి, వాంతి చేసుకుంటుంది. పెరుగన్నంలోనూ కలపవద్దు, పాల పదార్థాలతో మందు సరిగా ఒంటబట్టదు. మామూలు అన్నంతో వేసి, పైన నీళ్లు తాగించాలి. కోర్సు అయ్యాక ప్లేట్‌లెట్లు మళ్లీ లెక్కపెట్టించండి. అవి నిలకడగా రెండు లక్షలు దాటితే, మీరు ఎలాగూ ఆగవలసిన మూడు నెలల గడువూ దగ్గరపడుతుంది కనుక, తరువాతి ఎద రాకముందే ఆపరేషన్ తేదీ తీసుకోవచ్చు.