‘ట్రవేయిల్’ అనే ఆంగ్ల పదానికి తగిన తెలుగు మాట ఏది?

భాషాభిమానులకు నమస్కారం. ఒక వ్యాసాన్ని అనువదిస్తుండగా నాకు ‘ట్రవేయిల్’ అనే మాట ఎదురైంది. టి, ఆర్, ఏ, వి, ఏ, ఐ, ఎల్ అని రాసే ఈ పదాన్ని మొదట ప్రయాణమనే అర్థమిచ్చే ‘ట్రావెల్’కు అచ్చుతప్పుగా భావించి దాటిపోయాను, వాక్యం అన్వయం కుదరక నిఘంటువు తెరిస్తే తీవ్రమైన బాధ, ఒళ్లు హూనమయ్యే శ్రమ, ప్రసవ వేదన అనే అర్థాలు కనిపించాయి.

దాని పుట్టుక నన్ను మరింత ఆశ్చర్యపరిచింది. లాటిన్‌లో మూడు అనే అర్థమిచ్చే ‘ట్రి’, గుంజ అనే అర్థమిచ్చే ‘పాలుస్’ కలిసి ఏర్పడిన ‘ట్రిపాలియం’ అనే హింసాసాధనం పేరు నుంచి, పాత ఫ్రెంచి మీదుగా ఇది ఆంగ్లంలోకి వచ్చిందని నిఘంటువులు సాధారణంగా చెబుతాయి. ఇదే మాటకు నేటి ఫ్రెంచిలో ‘పని’ అని అర్థం. నేను అచ్చుతప్పు అనుకున్న ‘ట్రావెల్’ కూడా దీని నుంచి చీలినదే.

నా వాక్యం ఇది: ‘ఏళ్ల తరబడి సాగిన ట్రవేయిల్ తరువాత ఆ గ్రంథం వెలువడింది.’ ‘వేదన’ అంటే శ్రమ పోతుంది, ‘శ్రమ’ అంటే బాధ పలచబడుతుంది. ‘ప్రయాస’ నాకు తేలికగా తోస్తోంది. ‘పాటుపడటం’, ‘పడరాని పాట్లు పడటం’ అనే ప్రయోగాలలో శ్రమ, యాతన రెండూ ఒకే ధాతువులో ఉన్నాయి కాబట్టి నా మనసు ‘పాట్లు’ వైపే మొగ్గుతోంది; అయితే ఆంగ్ల పదానికి ఉన్న గ్రాంథిక గాంభీర్యం దానిలో నిలుస్తుందా? ఇంతకన్నా తగిన మాట ఉంటే, ప్రయోగంతో సహా దయచేసి తెలియజేయగలరు.