‘టాకింగ్ బ్లూస్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. జైలు పాటల మీద ఒక ఆడియో కార్యక్రమానికి తెలుగు పాఠం రాస్తున్నాను. అందులో అమెరికన్ బ్లూస్ గాయకుడు రాబర్ట్ పీట్ విలియమ్స్ అక్కడి లూసియానా రాష్ట్రంలోని అంగోలా జైల్లో ఉండగా రికార్డయిన ‘ప్రిజనర్స్ టాకింగ్ బ్లూస్’ ఉంది. ‘మాటల పాట’ అని రాస్తే మా వాళ్లకి నచ్చలేదు. ‘వచన గేయం’ అంటే పాఠ్యపుస్తకంలా ఉంది. ఇలాంటిదానికి మనకి వేరే మాట ఉందా?

జవాబు: పేరు సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు అందులో ఏం జరుగుతుందో చెప్పుకుందాం. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల దిగులు పాట. దాని చరణం మామూలుగా మూడు పాదాలు. మొదటి పాదం పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడోదాన్ని జవాబుగా అంత్యప్రాసతో ముగిస్తారు. మొత్తం పన్నెండు బార్ల లెక్క, బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది. విలియమ్స్ ఇక్కడ ఆ లెక్కని పూర్తిగా వదిలేశాడు. గిటార్ మీద చిన్న స్వరాల వరస తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఆయన మామూలుగా మాట్లాడతాడు. జైలుకి వచ్చాక తల నెరవడం మొదలైందనీ, దిగులే దానికి కారణమనీ, రోజురోజుకీ నీరసించిపోతున్నాననీ చెప్పుకుంటాడు. ప్రాస లేదు, పాదం లేదు. అలా మాట్లాడుతూ మాట్లాడుతూనే పాటలోకి వెళ్లిపోతాడు. మాట ఎక్కడ ఆగిందో, రాగం ఎక్కడ ఎత్తుకున్నాడో వేలు పెట్టి చూపించలేం. నన్ను అడిగితే ఈ రికార్డింగ్ ప్రాణమంతా ఆ చోటులోనే ఉంది.

మనిషి గురించి కూడా నాలుగు ముక్కలు చెప్పాలి. 1914లో లూసియానా రాష్ట్రంలోని జాకరీలో, కౌలుకి సాగు చేసుకునే పేద నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. బడికి వెళ్లలేదు. మొదటి గిటార్ సిగార్ పెట్టెతో తనే చేసుకున్నాడు. బార్‌లో జరిగిన గొడవలో ఒకతన్ని కాల్చి చంపాడు. ఆత్మరక్షణ కోసమేనన్నాడు గానీ 1956లో యావజ్జీవ శిక్ష పడింది. అంగోలా ఒకప్పుడు బానిసలు పనిచేసిన తోట. మూడు వైపులా మిసిసిపీ నది, లోపలంతా పొలాలు. 1959లో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జానపద పరిశోధకుడు హ్యారీ ఆస్టర్, రిచర్డ్ అలెన్‌తో కలిసి అక్కడికి వెళ్లి ఖైదీల పాటలు టేప్ చేశాడు. హాగ్‌మన్ మాక్సీ, గిటార్ వెల్చ్ కూడా అప్పుడు పాడినవాళ్లే. ఆ తర్వాత ఆస్టర్ విలియమ్స్ విడుదల కోసం గట్టిగా ప్రయత్నించాడు. 1959 డిసెంబర్‌లో బయటికైతే వదిలారు గానీ, అది ‘సర్విట్యూడ్ పెరోల్’. ఒక రైతు దగ్గర పొలం పని చెయ్యాలన్నది షరతు. నా దృష్టిలో అది వెట్టిచాకిరీయే. 1964లో న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో పాడాకే బయటి ప్రపంచం ఆయన్ని ఎదురుగా చూసింది. మీ కార్యక్రమంలో ఈ పెరోల్ సంగతి దయచేసి వదిలెయ్యకండి. పాట విని జైలు తలుపులు తెరిచారు అన్న తియ్యటి కథగా చెప్పేస్తే ఆయనకి అన్యాయం చేసినట్టే.

ఇక పేరు. ఇంగ్లీషులో ‘టాకింగ్ బ్లూస్’ అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. 1926లో క్రిస్ బౌచిలాన్ అనే శ్వేతజాతి గాయకుడు ఆ పేరుతోనే రికార్డు చేశాడు. లయ తప్పకుండా, ప్రాసలు వేస్తూ, హాస్యంగా చెప్పే బాణీ అది. తర్వాత అమెరికన్ జానపద గాయకుడు వుడీ గుత్రీ దాన్ని బాగా వాడాడు. విలియమ్స్‌ది ఆ కోవ కాదు, పేరు ఒకటే గానీ పని వేరు. అందుకే పదానికి పదం పెట్టి అనువదిస్తే రెండూ కలిసిపోతాయి.

నా ఓటు ‘వచనం’కి. వచన కవిత అని కాదు, పాత అర్థంలో. కాకతీయుల కాలం నాటి కృష్ణమాచార్యులు సింహగిరి వచనాలు చెప్పాడు కదా. ఛందస్సు ఉండదు, వాక్యాలు సాగిపోతూ ఉంటాయి, చివర సింహాచలం స్వామిని పిలిచే సంబోధన మళ్లీ మళ్లీ వస్తుంది. అవి చదువుకోడానికే కాదు, పాడుకోడానికి కూడా. అలాంటి రచనకి మన లక్షణకారులు ‘తాళగంధి’ అని చక్కటి పేరు పెట్టారు. తాళానికి కట్టుబడదు, తాళం వాసన మాత్రం ఉంటుంది. విలియమ్స్ రికార్డింగ్ విన్న చెవికి ఈ మాట వెంటనే తగులుతుంది.

మరో సభ్యురాలు: మాస్టారూ, ఒక సందేహం. మా వైపు చావు ఇంట్లో ఆడవాళ్లు పోయినవాళ్ల గురించి చెప్పుకుంటూ చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. శోకాలు పెట్టడం అంటాం. మాట పాటగా మారేది అక్కడే కదా! ‘శోకం’ అనొచ్చేమో?

జవాబు: బాగా పట్టుకున్నావు తల్లీ. మాట రాగంగా మారే తీరులో అది వచనం కంటే దగ్గర. కానీ శోకం పోయినవాళ్లని ఉద్దేశించి పెట్టేది, నలుగురూ వినేలా గొంతెత్తి పెట్టేది. ఈయన బతికున్న తన గురించే, పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు, గొంతు పెంచకుండా చెబుతున్నాడు. పైగా ‘ఊరికే శోకాలు పెట్టకు’ అని కసురుకోడానికి ఆ మాట వాడి వాడి దాని బరువు తగ్గించేశాం. శీర్షికకి వద్దు. వివరణలో మాత్రం ఈ పోలిక తప్పకుండా రాయమను.

ప్రశ్న అడిగినవారు: ‘ఖైదీ వచనం’ అని పెడతాను మాస్టారూ. మరి పంక్తులు ఎక్కడ విరవాలి?

జవాబు: మాట్లాడిన భాగాన్ని విరవకండి, పేరా లాగే ఉంచండి. పాడిన భాగం మాత్రం విడిగా, కొంచెం లోపలికి జరిపి, ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా పంక్తి మార్చండి. అన్నదే మళ్లీ అంటే మీరూ మళ్లీ రాయండి, విసుగని తీసెయ్యొద్దు. లేని ప్రాస తెచ్చి అతికించొద్దు. మాటా పాటా తేల్చలేని ఆ ఒక్క వాక్యాన్ని పేరాలో మొదలుపెట్టి పంక్తిలో ముగించండి, చదివేవాళ్లకి తెలుస్తుంది.